జ్ఞాపకము లేదనకండి

మా బడంగ్‌పేట్ సంఘములో పదవ తరగతి చదివే అబ్బాయి ఒకడున్నాడు. మత్తయి మొదటి అధ్యాయములోని వంశావళి ఒక్క పేరు తప్పకుండా చెప్పగలడు. సాంఘికశాస్త్రములో "ఎందుకు?" అన్న ప్రశ్నకు మాత్రం కాగితము ఖాళీగా వదిలేసేవాడు. పొగరని తలంచి యౌవనస్థుల కూడికలో అందరి ముందు మందలించాము. అది మా తప్పు. వానిది ఆస్పెర్జర్ స్థితి అని వైద్యులు చెప్పిన తరువాత గాని మాకు తెలియలేదు. 2013లో అమెరికా మనోవైద్యులు దానిని ఆటిజంలో కలిపివేశారు.

ఇటువంటి పిల్లల్లో చాలామందికి జ్ఞాపకము కొదువ కాదు, వరుస కావాలి. ఇప్పుడు తల్లి పాఠాన్ని వంశావళి వలె గీస్తుంది: పైన దేశాల కూటములు, వాటి క్రింద సారయేవో హత్య, దాని క్రింద 1914 యుద్ధము. కాగితానికి ఒకే ప్రశ్న. పుస్తకము మూసి గుర్తున్నది వ్రాయాలి. మరునాడు, వారము తరువాత మళ్లీ. పదిసార్లు చదివించుటకంటె ఇదే మేలు. రోజూ అదే చోటు, అదే వేళ. చేయవలసినది అరచి చెప్పక, వ్రాసి గోడకు అంటించండి. కొందరికి ఫ్యాను చప్పుడు కూడా బాధే.

2016 వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజం ఉన్నది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయము అడగవచ్చును; ప్రధానోపాధ్యాయునితో ముందే మాట్లాడండి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థను సంప్రదించవచ్చును.

మొన్న పరీక్షలో "ఎందుకు?"కు మూడు వరుసలు వ్రాశాడు. ఆదివారము మేము వంశావళిలో ఒక పేరు దాటవేస్తే, కూర్చున్న చోటినుండే సరిదిద్దాడు.