అమ్మమ్మ ఫోన్ గంట లేటెందుకైంది?

అమెరికాలో శని, ఆదివారాలు జీతం తీసుకోకుండా పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లు చాలామందే ఉన్నారు. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి ఇలాంటి వాలంటీర్లతోనే నడుస్తోంది. మన తెలుగు విశ్వవిద్యాలయం ఆ పిల్లలకు పరీక్షలు కూడా పెట్టింది.

డల్లాస్‌లో ఓ అమ్మమ్మ అలా అఆలు దిద్దిస్తోందనుకోండి. తాతయ్య ఇక్కడ బషీర్‌బాగ్‌లో ఒక్కరే. ఆవిడ రోజూ రాత్రి 8కి వీడియో కాల్ చేస్తుంది. మనకి మర్నాడు పొద్దున్న 6:30. నవంబర్ మొదటి ఆదివారం వచ్చిందా, ఆ కాల్ 7:30కి గానీ రాదు. ఆ గంటసేపూ తాతయ్యకి కాలు ఒకచోట నిలవదు!

కారణం చిన్నదే. మన టైముకి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే, గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందు. ఇది ఏడాదంతా మారదు. డల్లాస్‌లో మాత్రం మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. అందుకే తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

మరేం చెయ్యాలి? కాల్ టైము తాతయ్య గడియారాన్ని బట్టి పెట్టుకోవాలి. ఎదురుచూసేది ఆయనే కదా! నవంబర్ నుంచి అమ్మమ్మ 7కే చేస్తే ఇక్కడ 6:30 తప్పదు. ఫోన్‌లో వరల్డ్ క్లాక్ పెట్టి చూపించండి. అదీ కుదరకపోతే, ముందురోజు "రేపట్నుంచి అక్కడ గంట మారుతుంది తాతయ్యా" అని ఒక్కమాట చెప్పండి, చాలు.