యాన్సిబుల్ రోల్ డౌన్‌లోడ్ చేశారా? అందులో చెయ్యి పెట్టే ముందు ఇది చదవండి

ఇంట్లో రెండు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు, అద్దెకు తీసుకున్న ఒక చిన్న క్లౌడ్ సర్వర్... ఈ మూడింటినీ నేను యాన్సిబుల్‌తోనే సెట్ చేసుకుంటాను. 2012లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టిన ఈ ఉచిత టూల్ 2015లో రెడ్ హ్యాట్ చేతికి వెళ్లింది. అవతలి మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే చాలు, వేరే యాప్ ఏమీ వేయక్కర్లేదు.

ఒక పనికి కావాల్సిన టాస్కులు, టెంప్లేట్లు, సెట్టింగ్స్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెడితే దాన్నే రోల్ అంటారు. గెలాక్సీ సైట్‌లో ఇలాంటివి బోలెడు దొరుకుతాయి. మరి దించుకున్న రోల్‌లోనే నేరుగా మార్చేస్తే పోలా అంటారా? పని జరుగుతుంది, కాదనను. కానీ పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయాలని రోల్‌లోని ఎస్ఎస్‌హెచ్ టెంప్లేట్‌ను మార్చారనుకోండి. కొత్త వెర్షన్ కోసం ఫోర్స్ ఆప్షన్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే మీ మార్పు చెరిగిపోతుంది. తర్వాత ప్లేబుక్ రన్ చేయగానే పాత టెంప్లేట్ సర్వర్‌లోకి వెళ్లిపోతుంది, పాస్‌వర్డ్ లాగిన్ మళ్లీ తెరుచుకోవచ్చు. ఎర్రర్ ఏమీ రాదు. నాకు భయం వేసేది అక్కడే.

అసలు చాలాసార్లు కాపీ అవసరమే ఉండదు. ముందు డిఫాల్ట్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. అందులోని విలువలు అన్నిటికన్నా బలహీనమైనవి, మీ ప్రాజెక్ట్‌లోని గ్రూప్ వార్స్ ఫైల్‌లో అదే పేరుతో కొత్త విలువ రాస్తే అదే చెల్లుతుంది. రోల్‌లోనే వార్స్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, దాంతో జాగ్రత్త. అందులో ఉన్నవి గ్రూప్ వార్స్‌ను లెక్కచేయవు.

టాస్కులే మార్చాలంటే మాత్రం కాపీ తప్పదు. రోల్ ఫోల్డర్‌ను మీ ప్లేబుక్ పక్కనున్న రోల్స్ ఫోల్డర్‌లోకి తెచ్చి పేరు మార్చండి. పాత పేరే ఉంచినా నడుస్తుంది, ఎందుకంటే యాన్సిబుల్ ముందు అక్కడే వెతుకుతుంది. కానీ ఆరు నెలల తర్వాత నడుస్తున్నది ఏ కాపీయో మీకే గుర్తుండదు! లైసెన్స్ ఫైల్‌ను మాత్రం తీసేయకండి.

చాలామంది వదిలేసేది హ్యాండ్లర్ల పేర్లు. ఒకే ప్లేలో పాత రోల్, కాపీ రెండూ ఉండి, రెండింటిలో హ్యాండ్లర్‌కు ఒకే పేరుంటే చివర లోడ్ అయినదే నడుస్తుంది. అందుకే నేను హ్యాండ్లర్లకూ వేరియబుల్స్‌కూ కొత్త రోల్ పేరును ముందు తగిలిస్తాను.

రన్ చేసే ముందు చెక్, డిఫ్ ఆప్షన్లు రెండూ కలిపి పెట్టి చూడండి, ఏ ఫైల్‌లో ఏ లైన్ మారబోతోందో కనిపిస్తుంది. షెల్ టాస్కులను చెక్ మోడ్ మామూలుగా దాటేస్తుంది కాబట్టి దాన్నే పూర్తిగా నమ్మకండి. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్స్ మారుస్తుంటే ఇప్పటికే లాగిన్ అయి ఉన్న విండోను మూయొద్దు. రెండో విండోలో లాగిన్ అయ్యాకే దాన్ని మూయండి.