నాలుగువేల తొంభై ఆరు

2024 అక్టోబరులో అసాహి లినక్స్ బృందం ఒక అసాధ్యమనిపించే పని చేసి చూపించింది. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌లలో లినక్స్ ఎక్కించి, దాని మీద ‘ది విచర్ 3’, ‘కంట్రోల్’ లాంటి భారీ విండోస్ ఆటలు ఆడించింది. విండోస్ ప్రోగ్రామ్‌ను లినక్స్‌కు అర్థమయ్యేలా చేసే వైన్, ఇంటెల్ తరహా ఆదేశాలను ఆర్మ్ ఆదేశాలుగా మార్చే ఫెక్స్, ఈ రెండూ కావాలని ఎవరైనా ఊహించగలరు. మూడోదే ఊహకు అందనిది. ఆట నడవాలంటే ఆ లినక్స్ కడుపులో ఇంకో బుల్లి లినక్స్‌ను, ఒక చిన్న వర్చువల్ మెషీన్‌ను, పుట్టించాల్సి వచ్చింది. ఎందుకంటే బయటి లినక్స్ మెమరీని 16,384 బైట్ల ముక్కలుగా కొలుస్తుంది. ఆటలేమో ముక్క అంటే 4,096 బైట్లే అని నమ్ముకుని తయారైనవి.

ఆ ముక్క పేరే పేజీ. దాని వయసు అరవై దాటింది.

అది పుట్టింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో. టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి తయారుచేసిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. అందులో వేగంగా పనిచేసే కోర్ మెమరీ 16,384 పదాలకే సరిపోతుంది. ఒక పదమంటే 48 బిట్లు. మిగతా సరుకంతా గిరగిరా తిరిగే అయస్కాంత డ్రమ్ మీద ఉండేది. అంతకుముందు ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ మీంచి కోర్‌లోకి రావాలో, ఏది తిరిగి వెళ్లాలో ప్రోగ్రామర్ చేత్తో లెక్కగట్టి రాసుకోవాల్సి వచ్చేది. కిల్‌బర్న్ బృందం ఆ చాకిరీని యంత్రానికి అప్పగించింది. మెమరీని 512 పదాల పేజీలుగా కోసి, కోర్‌లో ఏ పేజీ ఎక్కడుందో చెప్పే 32 రిజిస్టర్లు పెట్టింది. అడిగిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రమే ఆగి, డ్రమ్ మీంచి తెచ్చుకుని, ఆగినచోటి నుంచే పని సాగిస్తుంది. స్థలం చాలనప్పుడు ఏ పేజీని బయటికి పంపాలో పాత వాడకాన్ని చూసి నేర్చుకునే ప్రోగ్రామ్ కూడా అందులో ఉంది. ఇవాళ మన చేతిలోని ఫోను చేసే పని మూలంలో ఇదే.

పేజీ ఇంతే ఉండాలని ప్రకృతి నియమమేమీ లేదు. 1977 నాటి వ్యాక్స్ కంప్యూటర్‌లో పేజీ 512 బైట్లు. 1985లో ఇంటెల్ 80386 చిప్ 4,096 బైట్ల పేజీతో వచ్చింది. తర్వాత ప్రపంచంలోని డెస్క్‌టాప్‌లు దాదాపు అన్నీ ఆ వంశంలోవే కావడంతో, ఒక చిప్ కోసం ఎంచుకున్న కొలత లోకరీతిలా స్థిరపడిపోయింది.

మన పాత ధాన్యం కొలతలు గుర్తున్నవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. పేజీల కొలతలూ ఇలాగే రెట్టింపవుతూ పోతాయి. 4 కేబీ (4,096 బైట్ల) పేజీని మానిక అనుకుంటే 16 కేబీ పేజీ సరిగ్గా కుంచం.

కొలతతోపాటు హద్దు నియమం కూడా ఉంది. ఇంజనీర్లు దాన్ని అలైన్‌మెంట్ అంటారు. 4,096 బైట్ల పేజీ ఎక్కడపడితే అక్కడ మొదలు కాకూడదు. దాని చిరునామా 4,096తో శేషం లేకుండా భాగింపబడాలి. అలా అయినప్పుడు చిరునామాలో చివరి 12 బిట్లు ఎప్పుడూ సున్నాలే. ఎప్పుడూ సున్నా అని తెలిసినదాన్ని రాసిపెట్టుకోవడం దండగ కదా! అందుకే 386 రూపకర్తలు, ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పేజీ పట్టికలోని ఆ 12 బిట్ల చోటును వేరే పనికి వాడుకున్నారు. పేజీ మెమరీలో ఉందా, దాని మీద రాయొచ్చా, మామూలు ప్రోగ్రామ్‌కు అనుమతి ఉందా అనే గుర్తులన్నీ అక్కడే ఉంటాయి. హద్దు తప్పిన చిరునామా ఇస్తే అంకెలు అనుమతుల మీద పడతాయి. అలైన్‌మెంట్ ఎందుకంత కఠినమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గ్రాఫిక్స్ కార్డు ఈ కథలోకి ఆలస్యంగా వచ్చింది. తొలినాటి కార్డుకు సొంత మెమరీ కొద్దిగా ఉండేది, దాన్ని నేరుగా వాడుకునేది. త్రీడీ ఆటల బొమ్మలు పెరిగి ఆ చోటు చాలకపోవడంతో, 1997లో మార్కెట్లోకి వచ్చిన ఏజీపీ స్లాటు కంప్యూటర్ ప్రధాన మెమరీ తలుపులు కార్డుకు తెరిచింది. కానీ ప్రధాన మెమరీలో ఖాళీ పేజీలు చెల్లాచెదురుగా ఉంటాయి. కార్డుకేమో బారుగా ఒకే వరస కావాలి. అందుకని గార్ట్ అనే అనువాద పట్టిక పెట్టారు. చెదిరిన పేజీలను కార్డు కళ్లకు ఒకే వరసగా అది చూపిస్తుంది. అప్పటినుంచి ఒకే మెమరీకి ఇద్దరు కరణాలు, రెండు లెక్కల పుస్తకాలు. ప్రాసెసర్ పట్టిక ఒకటి, గ్రాఫిక్స్ పట్టిక ఒకటి. రెండూ పొసిగేలా చూసే బాధ్యత డ్రైవర్‌ది.

కార్డులు ఎదిగేకొద్దీ మానికతో కొలవడం వాటికి భారమైంది. నిలువు 4,096, అడ్డం 4,096 చుక్కలున్న ఒక బొమ్మ, చుక్కకు నాలుగు బైట్ల చొప్పున, 64 ఎంబీ. 4 కేబీ పేజీలైతే దానికి 16,384 పద్దులు రాయాలి. 64 కేబీ పేజీలైతే 1,024. 2 ఎంబీ పేజీలైతే 32. ఇటీవల వెతికిన చిరునామాలను దగ్గర పెట్టుకునే టీఎల్‌బీ చాలా చిన్నది. పద్దులు తగ్గితేనే అది సరిపోతుంది. అందుకే ఎన్విడియా చిప్‌లు పెద్ద పేజీలను కూడా అర్థం చేసుకుంటాయి. ఇంటెల్ ఆర్క్ కార్డులైతే తమ సొంత మెమరీకి కనీసం 64 కేబీ పేజీ ఉండాలంటాయి. ఆటలు కార్డుతో మాట్లాడేందుకు వాడే మైక్రోసాఫ్ట్ డైరెక్ట్3డీ 12లో మామూలు వనరు 64 కేబీ హద్దున, అంచుల నునుపు కోసం చుక్కకు అనేక నమూనాలు ఉంచే బొమ్మ 4 ఎంబీ హద్దున మొదలవ్వాలి. అదే పనికి 2016లో వచ్చిన వల్కన్ ఇంకా మర్యాదైన పద్ధతి పెట్టింది: ముందు డ్రైవర్‌ను అడగాలి, ఎంత చోటు, ఏ హద్దు, ఏ రకం మెమరీ అన్నది అదే చెబుతుంది. పెద్ద పేజీకి నష్టమూ ఉంది. 5 కేబీ సమాచారం 4 కేబీ పేజీల్లో 8 కేబీ చోటు తింటే, 64 కేబీ పేజీలో పూర్తిగా 64 కేబీ మింగేస్తుంది.

అసలు చిక్కు రెండు పుస్తకాల కొలతలు వేరైనప్పుడు వస్తుంది. ఏఎండీ రేడియాన్ కార్డుల కోసం లినక్స్‌లో ఉన్న డ్రైవర్‌నే చూడండి. కార్డు పేజీ 4,096 బైట్లని అందులో ఒక స్థిరాంకం ఉంది. ప్రాసెసర్ పేజీ కొలత వేరే పేరుతో ఉంది. మామూలు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో రెండూ ఒకటే కాబట్టి ప్రోగ్రామర్ పొరపాటున ఒకదాని బదులు ఇంకోటి రాసినా ఏమీ కాదు. తప్పు ఏళ్ల తరబడి కనిపించకుండా పడుంటుంది. అదే కార్డును 16 కేబీ పేజీలు వాడే చైనా లూంగ్‌సన్ యంత్రంలోనో, 64 కేబీ పేజీలతో నడిచే ఐబీఎం పవర్ యంత్రంలోనో పెడితే బయటపడుతుంది. ఒక ప్రాసెసర్ పేజీలో నాలుగో పదహారో కార్డు పేజీలు పడతాయి. 20,480 అనే చిరునామా 4,096తో చక్కగా భాగింపబడుతుంది, 16,384తో భాగింపబడదు. కింది పొరలో ఉన్న కెర్నల్, అంటే లినక్స్ మూలభాగం, దాన్ని తిప్పికొడుతుంది, తెర నల్లగా ఉండిపోతుంది. ఇప్పుడు ఆ డ్రైవర్ రెండు కొలతల్లో పెద్దదాన్నే హద్దుగా పై ప్రోగ్రామ్‌లకు చెబుతుంది.

ఆపిల్ ఎం1లో ముడి ఇంకా గట్టిది. దాని ప్రాసెసర్‌కు 4 కేబీ, 16 కేబీ రెండూ వచ్చు. ఆపిల్ సొంత వ్యవస్థ, రోసెట్టా అనే అనువాదకంతో నడిచే పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లకు విడిగా 4 కేబీ పేజీలే ఇస్తుంది. కానీ పరికరాలు మెమరీని ముట్టుకునేటప్పుడు కాపలా కాసే డార్ట్ అనే భాగానికి 16 కేబీ తప్ప తెలియదు. కుంచంతోనే కొలిచేవాడిని మానిక అడిగితే, పక్కనున్న మరో మూడు మానికల పరాయి ధాన్యం కూడా వెంట వస్తుంది. అంటే ఒక పరికరానికి తనది కాని మెమరీ కూడా కనిపిస్తుంది. భద్రతకు అది గండి. అందుకే అసాహి బృందం లినక్స్ మొత్తాన్నీ 16 కేబీ పేజీల మీదికి మార్చింది. మారగానే 4,096ను తమలో స్థిరంగా కట్టేసుకున్న ప్రోగ్రామ్‌లు బయటపడ్డాయి. క్రోమియం, ఈమాక్స్, మెమరీ పంచిపెట్టే జెఇమాలక్ లాంటి పేరున్నవాటికే మరమ్మతు కావాల్సి వచ్చింది. వాటిని సరిచేయగలిగారు. అమ్ముడైపోయిన ఆటలను సరిచేసేదెవరు? వాటికోసమే ఆ బుల్లి వర్చువల్ మెషీన్. లోపల మానిక, బయట కుంచం, మధ్యలో గ్రాఫిక్స్ ఆదేశాలు చేరవేసే దారి. ఈ భారం వల్ల చాలా ఆటలకు 16 జీబీ మెమరీ కావాలని బృందమే చెప్పింది. ఒక అంకెను అడక్కుండా అనుకున్నందుకు చెల్లించిన మూల్యంలో అదీ ఒక భాగం.

ఇప్పుడీ మార్పు మన జేబుల్లోకి వచ్చింది. 16 కేబీ పేజీలకు ఆండ్రాయిడ్ 15 మద్దతు తెచ్చింది. మెమరీ ఇరుకుగా ఉన్నప్పుడు ఆప్‌లు తెరుచుకునే సమయం సగటున 3.16 శాతం తగ్గిందని, మెమరీ వాడకం మాత్రం కాస్త పెరిగిందని గూగుల్ పరీక్షలు చెబుతున్నాయి. ఆండ్రాయిడ్ 15, ఆపై వాటికోసం ప్లే స్టోర్‌కు పంపే కొత్త ఆప్‌లు, అప్‌డేట్లు 2025 నవంబరు 1 నుంచి 16 కేబీ పేజీల మీద నడవాలని గూగుల్ నియమం పెట్టింది. పూర్తిగా జావా, కోట్లిన్‌లలో రాసిన ఆప్‌లకు చిక్కులేదు. సీ, సీ++ లైబ్రరీలున్న ఆప్‌లను మళ్లీ కట్టాలి. ఆటలు చాలావరకు ఈ కోవలోవే. మీరు అలాంటి ఆప్ రాస్తుంటే ఇవాళే మీ కోడ్‌లో 4096 అని ఒకసారి వెతకండి. అది పేజీ కొలతగా కనిపించిన ప్రతిచోటా ఆ అంకెను తీసేసి, నడిచే యంత్రాన్నే అడిగే పిలుపు పెట్టండి.