లాస్ వేగస్ కాసినో బఫే

లాస్ వేగస్ కాసినో బఫే అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని నెవాడా రాష్ట్రానికి చెందిన లాస్ వేగస్ నగరపు జూదశాల హోటళ్ళలో, ఒకసారి నిర్ణీత రుసుము చెల్లించి కోరినంత తినగలిగే స్వయంవడ్డన భోజనశాల. బఫే పద్ధతి ఐరోపాలో పుట్టినదే అయినా, ఈ నగరంలో అది జూదపు వ్యాపారంలో ఒక భాగంగా పెరిగినది. భోజనంపై వచ్చే నష్టాన్ని చాలాకాలం జూదపు బల్లలే భరించాయి.

చరిత్ర

నెవాడాలో 1931లో జూదం చట్టబద్ధమైనది. తరువాత 'స్ట్రిప్' అని పేరుపొందిన రహదారిపై మొదటి జూదశాల హోటలు ఎల్ రాంచో వేగస్ 1941 ఏప్రిల్‌లో ప్రారంభమైనది. కోరినంత తినే బఫే 1940లలో ఇక్కడే మొదలైనదని సాధారణంగా చెబుతారు. హోటలు ప్రచార వ్యవహారాలు చూసే హెర్బ్ మెక్‌డొనాల్డ్ ఒక రాత్రి తనకోసం వంటగది నుండి జున్ను, మాంసపు ముక్కలు తెప్పించి బారు మీద పెట్టగా, అటుగా పోయే జూదగాళ్ళు ఆగి ఆకలి అన్నారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ మాటెలా ఉన్నా, ఒక డాలరు రుసుముతో అర్ధరాత్రి పెట్టిన ఆ 'చక్‌వాగన్' బఫేను త్వరలోనే ఇతర హోటళ్ళూ అనుసరించాయి. చక్‌వాగన్ అనగా పశువుల మందలను తోలుకుపోయేవారి వెంట నడిచే వంటబండి. ఎల్ రాంచో వేగస్ 1960 జూన్‌లో అగ్నిప్రమాదంలో కాలిపోయినది.

చవక భోజనం వెనుక లెక్క

ఆకలితో బయటకు వెళ్ళిన జూదగాడు తిరిగి రాకపోవచ్చు. అతడిని లోపలే నిలిపి ఉంచటానికి చవక భోజనం ఉపకరించినది. సాధారణంగా భోజనశాలను హోటలు లోపలి భాగంలో, స్లాట్ మెషిన్ల వరుసలు దాటి వెళ్ళేటట్లు అమర్చేవారు. తినటానికి వచ్చినవాడు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు వాటిని చూడక తప్పదు.

ఈ లెక్కను ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గడులు ఉంటాయి. ఒకే అంకెపై పందెం కాసి గెలిచినవారికి 35 రెట్లు మాత్రమే ఇస్తారు. దీనివలన కాసిన ప్రతి 100 డాలర్లలో సగటున 5.26 డాలర్లు కాసినోకు మిగులుతాయి. గంటలో 40 సార్లు, సారికి 10 డాలర్ల చొప్పున ఆడేవాడు మొత్తం 400 డాలర్లు కాస్తాడు. అతని సగటు నష్టం సుమారు 21 డాలర్లు. ఒకరోజు గెలిచి మరొకరోజు ఓడవచ్చు గానీ, వేలమంది ఆడేచోట ఈ సగటు తప్పదు. ఎక్కువగా ఆడేవారికి ఇచ్చే 'కాంప్' అనే ఉచిత భోజనాన్ని కూడా ఇటువంటి అంచనా ప్రకారమే ఇస్తారు. ఉచితమన్న మాట పేరుకే.

భోజన విధానం

ప్రవేశద్వారం వద్ద సొమ్ము చెల్లించిన తరువాత సిబ్బంది బల్ల చూపిస్తారు. వంటకాలు ఎవరికి వారే తెచ్చుకోవాలి. పానీయాలు తెచ్చి, వాడిన పళ్ళాలు తీసేవారికి బల్లపై కొంత బహుమానం ఉంచటం ఆచారం. పెద్ద మాంసపు ముక్కను అడిగినవారికి అక్కడికక్కడే కోసి ఇచ్చే చోటు, పీత కాళ్ళు పెట్టే చోటు ఎప్పుడూ రద్దీగా ఉంటాయి. రెండవసారి వడ్డించుకోవటానికి వాడిన పళ్ళెం తీసుకుపోరాదు, కొత్తది తీసుకోవాలి. మన ఎంగిలి పట్టింపు తెలిసినవారికి ఈ నియమం వింతగా తోచదు. శాకాహారులు మాత్రం సూపులలో మాంసపు రసం, చిక్కుడు గింజల వంటకాలలో పందికొవ్వు ఉన్నదేమో అడిగి తెలుసుకోవటం మంచిది.

మిగిలిన ఆహారం చాలాకాలం ఉత్తర లాస్ వేగస్‌లోని ఒక పందుల పెంపక కేంద్రానికి చేరేది. 2010లో ప్రారంభమైన కాస్మోపాలిటన్ హోటలులోని వికెడ్ స్పూన్ బఫేలో అనేక వంటకాలను ఒక్కొక్కరికి సరిపడే చిన్న గిన్నెలలో పెట్టారు.

మార్పులు

మిరాజ్ (1989), బెల్లాజియో (1998) వంటి భారీ హోటళ్ళు వచ్చిన తరువాత గదులు, భోజనం, ప్రదర్శనలే స్ట్రిప్‌లో పెద్ద ఆదాయమార్గాలైనాయి. దానితో భోజనశాల తన ఖర్చు తానే రాబట్టుకోవలసి వచ్చినది. సీజర్స్ ప్యాలెస్ 2012లో 1.7 కోట్ల డాలర్ల వ్యయంతో బకనాల్ బఫేను ప్రారంభించినది. ఇక్కడి రాత్రి భోజనం ధర 2020లలో 80 డాలర్ల ప్రాంతానికి చేరినది. ఒక డాలరు బఫేకూ దీనికీ పోలిక పళ్ళెం ఒక్కటే.

కోవిడ్-19 కారణంగా 2020 మార్చిలో నెవాడా కాసినోలు మూతపడ్డాయి. జూన్‌లో అవి తెరచుకున్నా, పలు బఫేలు తెరచుకోలేదు. బకనాల్ 2021 మేలో తిరిగి ప్రారంభమైనది. ఒకప్పుడు ఎంతో పేరున్న రియో హోటలు కార్నివాల్ వరల్డ్ బఫే మాత్రం తిరిగి రాలేదు. 2024లో ఆ హోటలులో దాని బదులు వేర్వేరు దుకాణాలుగా ఉండే ఫుడ్ హాల్ ఏర్పడినది. అక్కడ తిన్న ప్రతిదానికీ విడిగా చెల్లించాలి.

భారతదేశంలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కాసినోలకు అనుమతి లేదు. తెలుగువారికి దగ్గరలో ఇటువంటి భోజనం గోవాలో కనిపిస్తుంది. అక్కడ పణజి వద్ద మాండోవి నదిలో నిలిపిన కాసినో ఓడలలో ప్రవేశ రుసుములోనే బఫే భోజనాన్ని కలిపి తీసుకోవటం వాడుక. లాస్ వేగస్‌లో భోజనం చూపి జూదానికి పిలిచేవారు. ఇక్కడ భోజనం ఖర్చు గుమ్మం వద్దనే వసూలవుతుంది.