అచ్చుకూర్పులో రూపాయి గుర్తు

ధనాన్ని గురించి వ్రాసే ప్రతి పంక్తిలోను రెండు అంశాలు ఉంటాయి. ఒకటి సంఖ్య. రెండవది ఆ సంఖ్య ఏ నాణేన్ని లెక్కిస్తున్నదో తెలిపే మాట లేదా గుర్తు. సంఖ్యలో పొరపాటు దొర్లితే చదువరి కూడికలు వేసి పట్టుకోగలడు. గుర్తులో పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి ఆధారమే ఉండదు.

మన పూర్వులు ఈ రెండవ అంశాన్ని ఎక్కువగా మాటలోనే వ్రాశారు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం మొదలైన సరకులపై సుంకాలు గద్యాణ, పణ మానాలలో చెప్పబడినాయి. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరంలో ఒక్క రూకకు లభించే పూటకూళ్ళ భోజనం వర్ణితమైంది. గద్యాణం, మాడ, రూక, పణం అనేవన్నీ మాటలు. రాతిమీద ఉలితో చెక్కినా, తాటాకుమీద గంటంతో వ్రాసినా వాటికి వర్ణమాలలోని అక్షరాలే చాలు. భిన్నాలకు మాత్రం పాత లెక్కలలో ప్రత్యేకమైన గుర్తులు ఉండేవి. నాలుగేసి భాగాలుగా విభజించుకొంటూ పోయే ఆ లెక్కల గుర్తులు 2008లో యూనికోడు పట్టికలో చేరాయని తెలిసినవారు తక్కువ.

నిజాం పాలనలో వరంగల్లు ప్రాంతపు అంగళ్ళలో హాలీ సిక్కా చెల్లేది. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవారు. రెండూ రూపాయలే, కాని ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానం. కనుక ఉత్త రూపాయి అని వ్రాస్తే చాలేది కాదు, ఏ సిక్కా రూపాయో చెప్పవలసి వచ్చేది. ఆ నాణేలు చెలామణి నుండి తొలగిన తరువాత ఈ చిక్కు తీరింది. అచ్చులో ‘రూ.’ అన్న సంక్షిప్తరూపం స్థిరపడింది. ఇంగ్లీషులోని సంక్షిప్తరూపాన్ని నేపాలు, పాకిస్తాను, శ్రీలంక వంటి దేశాలు కూడా వాడుతున్నందున, మన రూపాయికి ప్రత్యేకమైన గుర్తు కావాలన్న ఆలోచన కలిగింది. భారత ప్రభుత్వం 2009లో పోటీని ప్రకటించగా మూడువేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో బొంబాయి ఐ.ఐ.టి.లో తమిళ ముద్రాక్షరాలపై పరిశోధన చేసిన డి. ఉదయకుమార్ రూపొందించిన ₹ గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జూలై 15న ఆమోదించింది. నాగరి ‘ర’కారమూ నిలువుగీత లేని రోమను ‘ఆర్’ అక్షరమూ ఇందులో కలిసి ఉన్నాయి.

గుర్తు పుట్టింది. కాని ఆనాడు దానిని అచ్చువేయడానికి ఏ కంప్యూటరులోను అది లేదు. ఎందుకు లేదో గ్రహించడానికి ముందుగా ఫాంటు అంటే ఏమిటో తెలుసుకోవాలి.

సీసపు అక్షరాలతో చేతికూర్పు సాగిన కాలంలో కంపోజిటరు ముందు గళ్ళు గల చెక్కపెట్టె ఉండేది. దానిని కేసు అనేవారు. ఏ గడిలో ఏ అక్షరం ఉన్నదో అతని చేతికి తెలుసు. చూడకుండానే తీసి పేర్చేవాడు. కంప్యూటరులోని ఫాంటు కూడా అటువంటి పెట్టెయే. ఒక్కొక్క గడికి ఒక సంఖ్య ఉంటుంది. మనం మీట నొక్కినప్పుడు యంత్రం దాచుకొనేది అక్షరపు బొమ్మను కాదు, ఆ గడి సంఖ్యను. బొమ్మను ఆ సమయంలో అమలులో ఉన్న ఫాంటు సమకూరుస్తుంది. శబ్దం ఒకటి, దానిని వ్రాసే లిపి మరొకటి అని మనం వ్యాకరణంలో చెప్పుకొనే భేదం వంటిదే ఇది. పెట్టె మారి, గడిలోని వస్తువు మారితే, సంఖ్య మారకపోయినా కాగితంపై అర్థం మారిపోతుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థలో ఉన్నది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ నూత్, 1977లో తన గ్రంథపు ప్రూఫులు చూచి, వాటి అందవికారానికి విసిగి, అచ్చుకూర్పు విధానాన్ని తానే నిర్మించుకొన్నాడు. (పుస్తకం బాగా అచ్చు కాలేదని ప్రెస్సువారితో తగవు పడిన రచయితలు ఎందరో, ప్రెస్సునే సృష్టించినవాడు అరుదు.) ఆ వ్యవస్థతో వచ్చిన ఫాంట్లలో ఒక్కొక్క దానికి 128 గళ్ళే ఉండేవి. చోటు చాలక, నిటారు అక్షరాల ఫాంటులో డాలరు గుర్తు ఉన్న గడిలోనే వాలు అక్షరాల ఫాంటులో బ్రిటిషు పౌండు గుర్తును ఉంచారు. ఫలితంగా ఒక వాక్యాన్ని వాలు అక్షరాలలోకి మార్చగానే వంద డాలర్లు వంద పౌండ్లుగా అచ్చుపడేవి. గడి ఖాళీగా ఉంటే లోపం కంటికి కనబడుతుంది. ఒక ద్రవ్యం మరొక ద్రవ్యంగా మారినప్పుడు పంక్తి చూడడానికి నిర్దోషంగానే ఉంటుంది. ప్రూఫు దిద్దేవారికి ఈ రెండవదే ప్రమాదకరమైనది. తరువాతి కాలంలో యెన్, వాన్, నైరా, యూరో మొదలైన గుర్తులను కూర్చిన అనుబంధ ఫాంటును చేర్చి ఈ దోషాన్ని సవరించారు.

అటువంటి వ్యవస్థకు కొత్త గుర్తును చేర్చడంలో మూడు పనులు ఉన్నాయి. మొదటిది బొమ్మను గీయడం. రెండవది కొలతలు ఇవ్వడం. టెక్ తనంతట తాను అక్షరపు ఆకారాన్ని ఎరుగదు; దాని వెడల్పు, పంక్తిపై ఎత్తు, పంక్తి క్రింది లోతు మాత్రమే దానికి తెలుసు. ఆ కొలతలతోనే పంక్తులను పేరుస్తుంది. మూడవది ఆ గడికి ఒక పేరు పెట్టడం, అంటే వ్రాసేవాడు ఆ పేరు టైపు చేయగానే గుర్తు వచ్చి నిలిచే ఏర్పాటు. రూపాయి గుర్తు ఒక్కటే గల ‘టిఎఫ్‌రూపీ’ అనే చిన్న ఫాంటు ఈ పద్ధతిలోనే 2010లో టెక్ వాడుకరులకు అందింది. పేరుతో పిలిచే గుర్తుకు మరొక గడితో వైరం లేదు.

సామాన్యులకు అంత ఓపిక లేకపోయింది. ఆమోదం వెలువడిన కొద్ది దినాలకే మరొక దగ్గరి దారి ప్రచారంలోనికి వచ్చింది. కీబోర్డుపై ఒకటి అంకెకు ఎడమన, అంతగా వాడుకలేని ఏటవాలు గీత ఒకటి ఉంటుంది. దాని గడిలో రూపాయి బొమ్మను ఉంచిన ఫాంట్లు వెలువడ్డాయి. మీట నొక్కితే గుర్తు పడుతుంది. పని జరిగిపోయినట్లే తోస్తుంది. ఒక కళాశాల రుసుముల పట్టికను హనుమకొండలోని ఒక డి.టి.పి. కేంద్రంలో ఇలా కూర్చి, మరొక ఊరికి పంపారనుకొందాం. అక్కడి కంప్యూటరులో ఆ ఫాంటు లేదు. ‘₹ 5,000’ అన్నచోట ఒక వాలుగీత, దాని ప్రక్క ఐదువేలు కనబడతాయి. యంత్రం దాచుకొన్నది గీత సంఖ్యనే కాబట్టి యంత్రం చేసిన తప్పేమీ లేదు.

శాశ్వతమైన పరిష్కారం యూనికోడు వల్ల లభించింది. ప్రపంచ లిపులన్నింటిలోని ప్రతి అక్షరానికి వేరొకదానితో కలవని సంఖ్యను కేటాయించే పట్టిక అది. 2010 అక్టోబరులో వెలువడిన దాని 6.0 కూర్పులో మన రూపాయి గుర్తుకు 20బి9 అనే స్థానం దక్కింది. అంతకు ముందే ఆ పట్టికలో ఉన్న సామాన్య రూపాయి గుర్తును తొలగించలేదు. అది ఇతర దేశాలకు కూడా చెందుతుంది. విండోస్‌లోని ఇంగ్లీషు (ఇండియా) కీబోర్డులో కుడివైపు ఆల్ట్ మీటతో నాలుగు అంకెను నొక్కితే ₹ వస్తుంది. 2004లో వచ్చిన జీటెక్ వంటి వ్యవస్థలు యూనికోడు ఫాంట్లను నేరుగా గ్రహిస్తాయి కనుక టెక్ వాడుకరులకు కూడా వేరే ఫాంటు అవసరం తగ్గింది.

అయితే సంఖ్య లభించినంత మాత్రాన బొమ్మ లభించదు. 2010కి ముందు రూపొందిన తెలుగు ఫాంటులో ఈ గుర్తు సహజంగా ఉండదు. ఓరుగల్లు సీమలోని బమ్మెర కవి పేరు పెట్టుకొన్న ‘పోతన 2000’ ఆ కాలపుదే. ఫాంటులో బొమ్మ లేనప్పుడు యంత్రం మరొక ఫాంటు నుండి ఎరువు తెస్తుంది. అదీ దొరకకపోతే ఖాళీ చతురస్రాన్ని వేస్తుంది. ఎరువు తెచ్చిన గుర్తు పంక్తిలో పొసగదు. పక్కనున్న అంకెలు బొద్దుగా ఉంటే అది సన్నగా, అవి పొట్టిగా ఉంటే అది పొడవుగా నిలుస్తుంది.

తెలుగు ఫాంటులో ఈ గుర్తును దేనికి సరితూచి గీయాలి? మన అక్షరాలు గుండ్రనివి. ఒత్తులతో పంక్తి క్రిందికి దిగుతాయి. ₹ గుర్తుకు పైన రెండు అడ్డగీతలు, క్రింద ఒక వాలుగీత ఉన్నాయి. దానిని తలకట్టు గల అక్షరంవలె వంచాలని చూడడం వృథా ప్రయాస. అది ఎల్లప్పుడు అంకెల ప్రక్కనే ఉంటుంది కనుక అంకెల ఎత్తుకు, అంకెల గీత మందానికి సరిపోవడమే న్యాయం. పట్టికలలో అంకెలన్నీ ఒకే వెడల్పు కలిగి నిలువునా వరుసలో నిలుస్తాయి. గుర్తుకు కూడా ఆ వెడల్పే ఇస్తే వరుస చెదరదు. గుర్తు ఒక పంక్తి చివరను, సంఖ్య తరువాతి పంక్తి మొదటను పడకుండా రెండింటినీ విడిపోని ఖాళీతో బంధించాలి.

పాత దస్తావేజులను యూనికోడులోనికి మార్చేవారికి మరొక చిక్కు ఎదురవుతుంది. వాలుగీతలన్నింటిని ఒకేసారి ₹ గుర్తుగా మార్చివేద్దామని తోచడం సహజం. కాని టెక్‌లో అదే వాలుగీత ఉద్ధరణ చిహ్నానికి మొదటి సగం. అలా మారిస్తే ఎవరో పలికిన ప్రతి మాట ముందు రూపాయి గుర్తు వచ్చి కూర్చుంటుంది. గీత తరువాత అంకె ఉన్నచోట్లనే మార్చాలి. మార్చిన తరువాత కూడా ప్రతి పుటను మూలంతో సరిచూడవలసి ఉంటుంది, ఎందుకంటే ఉద్ధరణలు సైతం ఒక్కొక్కప్పుడు అంకెతోనే మొదలవుతాయి.