టెంటు కారలేదు, మీరే కురిశారు

అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో సంగీతోత్సవానికి వెళ్లొచ్చిన కుర్రకారును కదిలిస్తే ముందు పాటల గురించి చెబుతారు, తర్వాత కొండల గురించి, ఆఖరికి టెంటు గురించి. "కారిందండీ. తెల్లారేసరికి పక్కంతా తడి." రాత్రి వాన పడిందా అంటే, "అబ్బే, వాన లేదు. మంచు దిగిందేమో" అంటారు. మరుసటి ఏడు బయల్దేరేటప్పుడు టెంటు మీద కప్పడానికి ఓ టార్పాలిన్, ఒంటి మీద కప్పుకోవడానికి ఇంకో మందపాటి రగ్గు కొంటారు. బ్యాగు బరువెక్కుతుంది. ఈసారి ఇంకాస్త ఎక్కువ తడుస్తారు, వణుకు మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది. లంబసింగిలోనో వంజంగి కొండ మీదో టెంట్లు వేసుకునేవాళ్లూ ఇదే పాట పాడతారు.

తప్పు టెంటుది కాదు. ఆ నీళ్లు పైనుంచి రాలేదు, ఆ చలీ పైనుంచి రాలేదు. ఈ రెండు సంగతులూ బుర్రకెక్కితే సామాను జాబితా దానంతటదే తయారవుతుంది. ఎక్కకపోతే ఎన్ని జాబితాలు బట్టీ పట్టినా దండగే.

ముందు చోటు గురించి. జీరో లోయర్ సుబన్‌సిరి జిల్లాలో 1,500 మీటర్లకు పైన ఉన్న వెడల్పాటి లోయ. అపతానీ గిరిజనుల ఊళ్లున్న ఆ లోయలో 2012లో బాబీ హానో, మెన్‌హూపాజ్ బృందం గిటారిస్టు అనూప్ కుట్టీ కలిసి మొదలుపెట్టిన పండగ ఇది. సెప్టెంబరు చివర్లో నాలుగు రోజులు జరుగుతుంది. వేదికలు వెదురుతో కడతారు. పగటి వేదికకు సూర్యుడి పేరు, రాత్రి వేదికకు చంద్రుడి పేరు. సోనిక్ యూత్ బృందంలోని లీ రనాల్డో లాంటివాళ్లు కూడా ఇక్కడ వాయించి వెళ్లారు.

ఈ లోయకూ మనకూ ఒక పాత చుట్టరికం ఉంది. ఆదిలాబాద్ గోండుల మధ్య బతికి, మార్లవాయిలో ఇప్పటికీ తలచుకునే మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర 1944లో భార్య బెట్టీతో కలిసి ఈ అపతానీల దగ్గరికే వచ్చాడు. వాళ్ల మీద పుస్తకాలు రాశాడు. దుక్కిటెద్దు లేకుండా, నాగలి లేకుండా వాళ్లు చేసే సేద్యం ఇవాళ వెళ్లినా కనిపిస్తుంది. వరిమడిలో నీళ్లు నిలగట్టి అందులోనే చేపలు పెంచుతారు, గట్ల మీద చోళ్లు వేస్తారు. ఒకే మడిలో అన్నం, కూర, సంకటి! సంగీతం నచ్చకపోయినా ఆ గట్ల మీద ఒక పూట నడిచి రండి, ఖర్చు గిట్టుబాటవుతుంది. మన విషయానికి కావలసింది మాత్రం ఆ నీళ్లే. లోయ నిండా తడిసిన మళ్లు, చుట్టూ కొండలు, ఇంకా పూర్తిగా వెళ్లని వానాకాలం. గాలి రాత్రంతా తేమతో నిండి ఉంటుంది.

ఇప్పుడు టెంటులోకి రండి. మనిషి చెమట పట్టకుండా ఊరికే ఉన్నా ఒంటి చర్మం నుంచీ ఊపిరితిత్తుల నుంచీ రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా పోతుంది. ఎనిమిది గంటల నిద్రకు కాస్త అటూ ఇటూగా పావు లీటరు. ముగ్గురు పడుకుంటే ముప్పావు లీటరు. ముగ్గురు పట్టే చిన్న టెంటులో ఉండే గాలి మహా అయితే మూడు ఘనపు మీటర్లు. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మోయగలిగే నీటి ఆవిరి 13 గ్రాములు. అంటే టెంటులోని గాలంతా కలిసి మోసేది 40 గ్రాములు కూడా కాదు. మీరు వదిలేది 750. మిగతాది ఎక్కడికి పోవాలి?

ఇడ్లీ పాత్ర మూత తీసి చూడండి. మూత లోపలి వైపంతా బొట్లు బొట్లుగా నీళ్లు పట్టి, వంచగానే పై రేకు మీద జారతాయి. మూతకు చిల్లి పడిందని ఎవరూ అనరు. దాని మీద ఇంకో మూత పెట్టాలనీ ఎవరికీ తోచదు. టార్పాలిన్ కప్పేవాళ్లు చేసేది సరిగ్గా ఆ పనే. ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి టెంటు గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది, కాబట్టి వాన లేని రాత్రే ఎక్కువ కారినట్టు అనిపిస్తుంది. ఇడ్లీలు తడవకుండా పై రేకు మీద గుడ్డ పరుస్తారు కదా, మంచి టెంట్లలో లోపలి వల అరలాంటిది ఆ గుడ్డ. బయటి గుడ్డకు పట్టిన బొట్లు దాని మీదుగా పక్కకు జారిపోతాయి. ఒకే పొర ఉన్న చవక టెంటు అంటే గుడ్డ వేయని పాత్ర. తడిసిన బూట్లు, తడి తువ్వాలు లోపల ఆరేయడమంటే అడుగున ఇంకో చెంబు నీళ్లు పోయడం. గోడకు ఆనుకుని పడుకునేవాడు పై రేకులో ఇడ్లీ, వాడి రగ్గే ముందు నానుతుంది. జిప్పు పైభాగం ఒక జానెడు తెరిచి, ఎదురుగా ఉన్న కిటికీ కూడా తెరిచి ఉంచితే ఆవిరికి దారి దొరుకుతుంది. చలిగాలి వస్తుందని మూసేస్తారు గానీ, ఆ కాస్త గాలి కన్నా తడి రగ్గు చేసే చెరుపే ఎక్కువ. జీరోలో బయటి గాలి కూడా తేమదే కాబట్టి బొట్లు పూర్తిగా పోవు. అందుకే ఒక పాత నూలు తుండు బ్యాగులో ఉండాలి. పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున మెలకువ వస్తే ఇంకోసారి గోడలు తుడుచుకుని బయట పిండేయడానికి.

పాత్ర పోలిక ఒక్క చోట మాత్రం తిరగబడుతుంది. ఇడ్లీకి అడుగున మంట ఉంటుంది. మనకు అడుగున ఉండేది బురద.

సెప్టెంబరు నెలాఖరున జీరోలో రాత్రి చలి ఇంచుమించు హైదరాబాద్ డిసెంబరు చలిలా ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ చలికి ఒక దుప్పటి చాలు. అక్కడ రెండు రగ్గులు కప్పుకున్నా వీపు గడ్డకట్టుకుపోతుంది. ఎందుకంటే ఇంట్లో మీ కింద మంచమో పరుపో ఉంది, అక్కడ తడినేల ఉంది. రగ్గులో వెచ్చదనమిచ్చేది నూలో ఉన్నో కాదు, వాటి పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. గాలి కన్నా నీరు దాదాపు 24 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మీద కప్పుకున్న రగ్గు ఉబ్బుగా ఉంటుంది, గాలి నిలుస్తుంది. మీ కింద పడ్డ రగ్గును మీ బరువే నొక్కేస్తుంది, గాలి బయటికి పోతుంది, మిగిలేది పలచటి గుడ్డ. రాత్రంతా నేలకు మీరు హీటరు.

కాబట్టి బ్యాగులో మొదట పెట్టాల్సింది నొక్కినా గాలి వదలని వస్తువు. ట్రెక్కింగ్ దుకాణాల్లో చుట్టలుగా దొరికే ఫోమ్ మ్యాట్‌లో వేలకొద్దీ బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి, బరువు పడినా గాలి ఎటూ పోదు. అరకిలో కూడా తూగదు. దొరక్కపోతే యోగా మ్యాట్, దాని కింద పొడి అట్టపెట్టె విప్పదీసి పరచండి. గాలి ఊదుకునే పరుపు తీసుకెళ్తామని కొందరు పట్టుబడతారు. దాని లోపల ఉన్నది ఒకే పెద్ద అర. పైన వేడెక్కిన గాలి, కింద చల్లబడ్డ గాలి అందులో కలిసిపోతూనే ఉంటాయి. మెత్తగా ఉంటుంది తప్ప వెచ్చగా ఉండదు. రగ్గులు రెండే ఉంటే ఒకటి కింద వేయండి. ఈ మాట చెబితే వినేవాళ్లు తక్కువ.

టెంటు అట్ట మీద 1500 ఎం.ఎం. అనో 3000 ఎం.ఎం. అనో రాస్తారు, అదేమిటని అడుగుతుంటారు. ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినా తడి దిగదని అర్థం. వానకు 1500 బాగానే సరిపోతుంది. ఇబ్బంది అడుగు గుడ్డతోనే. 60 కిలోల మనిషి లేచేటప్పుడు ఒక మోకాలి మీద సగం బరువు మోపాడనుకోండి. మోకాలు ఆనే చోటు 60 చదరపు సెంటీమీటర్లనుకుంటే, చదరపు సెంటీమీటరుకు అరకిలో. అది 5000 ఎం.ఎం. నీటి స్తంభంతో సమానం. వానను ఆపిన గుడ్డ మీ మోకాలికి ఓడిపోతుంది. అందుకని టెంటు కింద పట్టా వేయాలి, కానీ టెంటు అడుగు కన్నా నాలుగు వేళ్లు చిన్నదిగా. అంచులు బయటికి కనిపించాయా, వాననీటిని పట్టి పక్క కిందకు మీరే కాలవ తీసినట్టు.

బట్టల సంగతి తొందరగా చెప్పేస్తాను. జీన్స్ వద్దు. ఒకసారి తడిస్తే నాలుగు రోజులూ ఆరదు. వంద గ్రాముల తడి ఒంటి మీదే ఆరాలంటే దాదాపు 57 కిలో కేలరీల వేడి మీ ఒంట్లోంచే పోవాలి. పాలిస్టర్ ట్రాక్ ప్యాంట్లు రెండు, ఒక ఉన్ని స్వెటరు, పాంచో రకం రెయిన్‌కోటు. ఒక జత బట్టలు, ఒక జత సాక్సులు పడుకోవడానికి మాత్రమే. పగలు ఏం జరిగినా వాటిని ముట్టుకోకూడదు. అన్నిటినీ పెద్ద నల్ల చెత్త కవర్లలో మూటగట్టి బ్యాగులో దించండి. బ్యాగు పైకి తొడిగే రెయిన్ కవర్ వీపు వైపు తెరిచే ఉంటుంది, నీళ్లు అటునుంచి వస్తాయి. గంబూట్లు మోసుకెళ్లక్కర్లేదు, జీరోలోని హపోలి బజారులో కొనుక్కోవచ్చు. పవర్ బ్యాంకు విమానంలో చేతిసంచీలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లు, 100 పరిమితి లోపే. హెడ్ టార్చి, రోజూ వేసుకునే మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు చాలు.

బ్యాగులోంచి కర్పూరం తీసేయండి. ఎత్తు ప్రదేశం కదా, ఆక్సిజన్ తగ్గుతుందని మూటగట్టుకుని గంటకోసారి వాసన చూసేవాళ్లున్నారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు, జీరో దానికన్నా కొంచెం పైన అంతే. పైగా ఎంత ఎత్తయినా కర్పూరం ఒంట్లో ఆక్సిజన్ చుక్కంత పెంచదు. ముక్కులోని నరాలకు చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది, ఆ భ్రమను ఫార్వర్డ్ చేసే పుణ్యాత్ములకు కొదవ లేదు. నైలాన్ టెంటులో అగ్గిపుల్లకే అంటుకునే పదార్థాన్ని దాచుకోవడం ఒక్కటే దానివల్ల వచ్చే ఫలితం. ఆ వరసలోనే కొవ్వొత్తి, దోమల చుట్ట, బొగ్గుల కుంపటి కూడా టెంటులోకి రాకూడదు. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అక్కడి బియ్యపు బీరు అపాంగ్ రుచి చూడండి, కానీ వెచ్చదనం కోసం తాగకండి. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వేడెక్కినట్టుంటుంది గానీ లోపలి వేడి చర్మం మీదుగా బయటికి పోతుంది.

వేదిక ముందు చెవుల్లో పెట్టుకునే దూది కూడా అలాంటి భ్రమే. చలిగాలికి మన పెద్దవాళ్లు పెట్టుకునే దూది హోరును కొద్ది డెసిబెల్స్‌కు మించి ఆపదు. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకు 8 గంటలు వినొచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ వ్యవధి సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు సగటున పెట్టిన గరిష్ఠ హద్దు కూడా ఆ 100 డెసిబెల్సే. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు మందుల షాపుల్లో చవకే. కాకపోతే చాలామంది వాటిని చెవి గుమ్మంలో ఆనించి వదిలేస్తారు. వేళ్ల మధ్య నలిపి సన్నటి వత్తిలా చేయండి, రెండో చేయి తల వెనకనుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, వత్తి లోపలికి దోపి అరనిమిషం వేలితో అదిమి పట్టండి. అది ఉబ్బుతుండగా జనం గోల దూరమవుతుంది, బేస్ గిటారు మాత్రం మిగులుతుంది. రాత్రి పక్క టెంటు గురకకూ అదే మందు.

ఆఖరుగా, తూకం లేని సామాను ఒకటి. 1873 నాటి బెంగాల్ ఈస్టర్న్ ఫ్రాంటియర్ రెగ్యులేషన్ కింద అరుణాచల్‌కు వెళ్లే బయటి రాష్ట్రాలవాళ్లందరికీ ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇస్తారు. కాగితం మీద ప్రింటు తీసి పెట్టుకోండి. రోడ్డు దారిలో వెళ్లేవాళ్లను బందర్‌దేవా లాంటి గేట్ల దగ్గర ఆపి అడిగేది మీ టెంటు ఎన్ని ఎం.ఎం. అని కాదు, ఆ కాగితమే.