శాతం మనిషిది, అర్హత ఇంటిది

ఒకటో తారీఖు అంటే మన ఆడవాళ్ళకు లెక్కల రోజు. పాలవాడి చీటీ, ఇంటద్దె, చిట్టీ డబ్బు, పిల్లల ట్యూషను ఫీజు అన్నీ ఆ పూటే గుర్తుకొస్తాయి. ఆ రోజుకు మన రాష్ట్రంలో మరో ప్రత్యేకత కూడా వుంది. తెల్లవారగానే సచివాలయం ఉద్యోగి వచ్చి తలుపు తడతారు. గుర్తింపు సరిచూసుకుని పింఛను చేతిలో పెట్టి వెళతారు. ఒకటో తారీఖు సెలవు రోజైతే ముందురోజే ఇస్తారు. సాలూరు వీధుల్లోనూ ఇంతే, విశాఖపట్నంలోనూ ఇంతే.

అయితే ఒకే వీధిలో, ఒకే రకం కష్టం వున్న రెండిళ్ళలో, ఒక ఇంటి తలుపు తడతారు, రెండో ఇంటి తలుపు తట్టరు. "ఆవిడకు పలుకుబడి వుందమ్మా, మాకెవరున్నారు?" అని నిట్టూర్చడం మనకు అలవాటు. పలుకుబడి మాట ఎలా వున్నా, తరచి చూస్తే చాలాసార్లు తేడా ఒక కాగితం దగ్గర వస్తుంది. ఆ కాగితాల సంగతి ఈ పూట కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా సొమ్ము ఎంతో తెలుసుకుందాం. 2024 జూలై 1 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పేరుతో ఇచ్చే పింఛను వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు. వికలాంగులకు అంతకు ముందు 3,000 వుండేది, దాన్ని 6,000 చేశారు. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత వున్నవారికి 15,000. డయాలసిస్ చేయించుకునేవారికి, తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులున్నవారికి, రెండు కాళ్ళకూ బోదకాలు ముదిరి నాలుగో దశకు చేరినవారికి 10,000. ప్రభుత్వ కాగితాలలో వికలాంగులన్న మాట పోయి దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ వస్తోంది. పేరు ఏదైనా ఆ ఇంటి ఇల్లాలి చాకిరీ మాత్రం మారలేదు కదూ!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ పింఛనుకు రెండు గడపలు దాటాలి. మొదటి గడప శాతం. రెండోది అర్హత. శాతం మనిషిని చూసి ఇచ్చేది. అర్హత ఇంటిని చూసి తేల్చేది. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే మనవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

మొదట శాతం. వికలాంగుల పింఛనుకు వయసుతో పని లేదు. చంటిబిడ్డ అయినా సరే, ముసలివారైనా సరే, వైకల్యం 40 శాతమూ, ఆపైనా వుండాలి. ఆ శాతాన్ని ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్లు పరీక్షించి నిర్ణయిస్తారు. దానికి ఇచ్చేదే మనందరి నోటా నలిగిన సదరం సర్టిఫికెట్టు. పరీక్షకు ముందుగా మీసేవలోగాని సచివాలయంలోగాని స్లాటు తీసుకోవాలి. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కూడా వుంది, అది కూడా తీసుకోవడం మంచిది.

వైకల్యమంటే కాలూ చెయ్యీ మాత్రమే అనుకునే రోజులు పోయాయి. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే వుండేవి. 2016లో వచ్చిన కొత్త చట్టంలో అవి 21 అయ్యాయి. బుద్ధిమాంద్యం, ఆటిజం, మానసిక వ్యాధి, పార్కిన్సన్స్, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడికి గురైనవారు, అందరూ అందులో వున్నారు. మన మన్యం గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా వుంది. "మా పిల్లకు అవయవాలన్నీ బాగానే వున్నాయమ్మా, బుద్ధే ఎదగలేదు" అని దిగులుపడే తల్లి, ఆ పిల్ల ఈ చట్టంలోకి వస్తుందని తెలియక యేళ్ళ తరబడి ఊరుకుంటుంది.

శాతం లెక్క కూడా కాస్త తెలిసి వుండాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగా వుంటే కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 30 శాతమే. అంటే ఆ ఒక్క కారణం మీద పింఛను రాదు. వినడానికి అన్యాయంగా తోస్తుంది, కాని నిబంధన అది. అదే మనిషికి చేతిలో మరో 30 శాతం లోపం వుందనుకోండి. రెండూ కూడితే 60 కాదు. దానికో సూత్రం వుంది, దాని ప్రకారం 50 అవుతుంది. 50 అయితే గడప దాటినట్టే! అందుకని డాక్టరు దగ్గర కన్ను సంగతి చెప్పి చేతి సంగతి దాచుకోకండి. చిన్నప్పుడు పడిన దెబ్బ, సరిగా వినపడని చెవి, వచ్చే మూర్ఛలు, అన్నీ చెప్పండి. పాత చీటీలు, ఎక్స్‌రేలు, స్కానింగు రిపోర్టులు ఒక సంచీలో వేసుకుని వెళ్ళండి. మనవాళ్ళకు ఇంకో అలవాటుంది. రోగిని ప్రశ్న అడిగితే పక్కనున్న మనమే గబగబా జవాబు చెప్పేస్తాం. మాట తడబడే మనిషి బదులు మనం మాట్లాడితే ఆ తడబాటు డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

సర్టిఫికెట్టు చేతికి రాగానే మూడు సంగతులు చూడండి. పేరు ఆధారులో వున్నట్టే వుందా? శాతం ఎంత రాశారు? అది శాశ్వతమా, తాత్కాలికమా? తాత్కాలికమైతే దాని మీద గడువు తేదీ వుంటుంది. ఆ తేదీని గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. గడువు దాటాక పరుగెత్తేకన్నా రెండు మూడు నెలల ముందే స్లాటు అడగడం మేలు.

సాలూరువారికి ప్రత్యేకంగా ఒక మాట. ఒకప్పుడు మన ఊరు శ్రీకాకుళం జిల్లాలో వుండేది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. పెద్దవాళ్ళు అలవాటుకొద్దీ జిల్లా ఆఫీసు పని అనగానే విజయనగరం బస్సు ఎక్కేస్తారు. ఇప్పుడు మన కలెక్టరాఫీసు పార్వతీపురంలో వుంది. సదరం పరీక్షకు మాత్రం స్లాటు చీటీ మీద ఏ ఆసుపత్రి పేరు, ఏ తేదీ వుంటే అక్కడికే వెళ్ళాలి. కదలలేని మనిషిని ఆటోలో వేసుకుని తప్పు ఊరు తీసుకువెళ్ళి రావడమంటే ఎంత కష్టమో పడినవారికే తెలుసు.

ఇక రెండో గడప, ఇంటి అర్హత. శాతం 90 వున్నా సరే, ఇల్లు ఈ పరీక్షలో నెగ్గాలి. పట్టణంలో కుటుంబం మొత్తం ఆదాయం నెలకు 12,000 రూపాయల లోపు, పల్లెలో 10,000 లోపు వుండాలి. మాగాణి అయితే మూడెకరాల లోపు, మెట్ట అయితే పదెకరాల లోపు వుండాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగిగాని, ప్రభుత్వ పింఛనుదారుగాని, ఆదాయపు పన్ను కట్టేవారుగాని వుండకూడదు. పారిశుధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు వుంది. సొంత కారు వుండకూడదు. బతుకుతెరువుకు నడిపే టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫరవాలేదు. పట్టణంలో సొంత కట్టడం వెయ్యి చదరపు అడుగులు మించకూడదు. కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్లు దాటకూడదు.

ఈ కరెంటు దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. మన సాలూరులో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసే ఒకాయన వున్నాడనుకోండి. రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాడు. ఇంటివారికీ ఈ వాటాకూ కలిపి ఒకటే మీటరు. ఇంటివారికి ఏసీ వుంది, ఫ్రిజ్జు వుంది, నీళ్ళ మోటారు వుంది. అద్దెకున్నప్పుడెప్పుడో ఎవరో వచ్చి మీటరు నంబరుకు ఈయన ఆధారు నంబరు కలిపి వెళ్ళారు. ఇంకేముంది! ఇంటివారి యూనిట్లన్నీ ఈయన నెత్తిన పడతాయి. ఆయన భార్య రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు వేసుకుని పొదుపుగా గడుపుతున్నా, కంప్యూటరు మాత్రం "మీరు అనర్హులు" అంటుంది. ఇలాంటప్పుడు ఏడ్చి లాభం లేదు. కరెంటు ఆఫీసుకు వెళ్ళి, ఆ మీటరు నుంచి మన ఆధారు తీసివేయించుకుని, ఆ కాగితం సచివాలయంలో చూపించాలి. ఇల్లు మారినప్పుడల్లా గ్యాసు, పాలు, స్కూలు బస్సు మార్చుకుంటాం కదా. ఆ జాబితాలోనే మీటరు సంగతి కూడా చేర్చుకోండి.

రెండో చిక్కు కుటుంబం లెక్క. ఉద్యోగం వచ్చి, పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టిన కొడుకు పేరు ఇంకా తల్లిదండ్రుల కార్డులోనే వుంటుంది. కొడుకు జీతం తల్లి ఆదాయమైపోతుంది, ఆవిడకొచ్చే పింఛను ఆగిపోతుంది. నిజంగా వేరుంటున్నప్పుడు కార్డులోనూ వేరు చేయించాలి. ఒక చోట వుంటూ కాగితం మీద వేరు పడమని నేను చెప్పడంలేదు. అది అసలైన పేదవాళ్ళ నోటి దగ్గర ముద్ద లాగుకోవడమే. మరో సంగతి. కుటుంబానికి సాధారణంగా ఒక పింఛనే అన్నా, తీవ్రమైన వైకల్యం, డయాలసిస్ వంటి వాటికి మినహాయింపులున్నాయి. "అత్తగారికి వస్తోంది కాబట్టి పిల్లాడికి రాదు" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. సచివాలయంలో అడగండి. అమ్మయినా అడగందే పెట్టదంటారు, ప్రభుత్వం పెడుతుందా?

పింఛను వస్తున్నవారికి కూడా జాగ్రత్త అవసరం. అంట్లు తోమీ తోమీ, వయసు మీరీ వేళ్ళ గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర పడకపోతే కంగారు పడకండి. ముఖం చూసి, కనుపాప చూసి గుర్తించే ఏర్పాటు వుంది, అది చెయ్యమని అడగండి. కూతురి పురిటికో, వైద్యానికో ఊరు వెళ్ళి ఒక నెల అందుకోలేకపోతే ఆ డబ్బు పోదు. రెండు నెలల బకాయి మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ మనిషి లేకపోతే మాత్రం శాశ్వతంగా వలస వెళ్ళారని పింఛను నిలిపేస్తారు. అప్పుడు తిరిగి దరఖాస్తు పెట్టుకోవాలి. పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు వితంతు పింఛను ఇచ్చే ఏర్పాటును 2024 చివర నుంచి త్వరితం చేశారు. దుఃఖంలో వున్న మనిషికి ఇవన్నీ తోచవు. మరణ ధ్రువపత్రం తెచ్చి ఇచ్చే పని చుట్టుపక్కలవాళ్ళే అందుకోవాలి.

2025లో జరిగినదాన్ని మీరు వినే వుంటారు. ఆ యేడు మొదట్లో రాష్ట్రమంతటా వికలాంగుల పింఛన్లకూ, మంచం పట్టినవారి పింఛన్లకూ మళ్ళీ డాక్టర్ల పరీక్షలు మొదలయ్యాయి. బోగస్ సర్టిఫికెట్లు ఏరివేయాలన్నది ప్రభుత్వం ఉద్దేశం. ఆగస్టులో, 40 శాతం కన్న తక్కువ తేలినవారికి నోటీసులు వెళ్ళాయి. అందులో నిజంగా కష్టంలో వున్నవారు కూడా వున్నారని ఊరూరా గగ్గోలు పుట్టింది. పల్లెల్లో ఎంపీడీవోకూ, పట్టణాల్లో మునిసిపల్ కమిషనరుకూ అప్పీలు పెట్టుకుని మళ్ళీ పరీక్షకు వెళ్ళే వీలు కల్పించారు. దీనినుంచి మనం నేర్చుకోవలసింది ఒకటే. నోటీసు అంటే తీర్పు కాదు, ప్రశ్న. ప్రశ్నకు గడువులోగా జవాబివ్వాలి. నోటీసు చూడగానే చింపి పారేసినవారూ, దాన్ని దేవుడి పటం వెనక దాచిపెట్టినవారూ ఇద్దరూ నష్టపోతారు. అక్కడా పని కాకపోతే కలెక్టరాఫీసులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తప్పకుండా తీసుకోండి.

బుద్ధి ఎదగని పిల్లలున్న తల్లులకు ఒక ముఖ్యమైన మాట. పిల్లకు 18 యేళ్ళు నిండాక ఆమె తరఫున సంతకం పెట్టే హక్కు చట్టరీత్యా తల్లికైనా తనంతట రాదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ప్రకారం, కలెక్టరు అధ్యక్షులుగా వుండే కమిటీ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవారికి సంరక్షకులను నియమిస్తుంది. ఆ ట్రస్టు కిందే నిరామయ అనే ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకూ వుంది. "నేను పోతే దీని గతేమిటి?" అని ప్రతి రాత్రీ కుమిలే తల్లికి ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు, కాని జవాబులో మొదటి మెట్టు.

మరి ఆ ఆరువేలూ ఎవరివి? ఇంటి అప్పులోకీ, చిట్టీలోకీ పోవడానికి రావు. ఆ మనిషి మందులకూ, పాలకూ, ఒక మంచి చీరకూ వస్తాయి. "ఇంటికి భారం" అనిపించుకున్న మనిషి పేరున నెలనెలా డబ్బు వస్తే ఆ ఇంట్లో ఆమె పట్ల పిలుపు మారుతుంది. ఆ గౌరవం నిలబెట్టే బాధ్యత మనదే.

మన గుమ్మంలోకి కొండచీపుర్లూ, చింతపండూ తెచ్చి అమ్మే కొండ ఊళ్ళ ఆడవాళ్ళను బేరం ఆడే ముందు ఒక్క మాట అడగండి. "మీ ఇంట కదలలేనోళ్ళు ఎవరన్నా ఉన్నారేటమ్మా? సదరం కాయితం ఉందా?" అని. ఎస్టీలకు వృద్ధాప్య పింఛను 50 యేళ్ళకే వస్తుందని కూడా చెప్పండి. డోలీ కట్టి రోగిని మోసుకుని దిగే ఊళ్ళవాళ్ళకు ఒక్క తిరుగుడు తగ్గినా మేలే.

ఇవాళ వంటపని అయ్యాక బీరువాలో కాగితాల సంచీ తీయండి. సర్టిఫికెట్టులో పేరు, శాతం, గడువు చూడండి. కరెంటు బిల్లు మీద యూనిట్లు చూడండి. కార్డులో ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. తేడా ఏదైనా కనిపిస్తే వచ్చే ఒకటో తారీఖు దాకా ఆగకండి. రేపే సచివాలయానికి వెళ్ళండి.